బ్రౌజర్ చెయ్యిజారినప్పుడు: తుడిచెయ్యాలా, బాగుచెయ్యాలా?

ఫార్మాట్‌వాది: బ్రౌజర్ తెరిస్తే మనం పెట్టుకోని పేజీ వస్తోంది. ఏది వెతికినా తెలియని సైటు మీదుగా తిరిగి వస్తోంది. సెట్టింగ్ మారిస్తే మర్నాటికి మళ్ళీ మొదటికొస్తోంది. ఇంటి కంప్యూటర్ ఈ స్థితికి వచ్చిందంటే నా మాట ఒక్కటే. కావలసిన ఫైళ్ళు బయటికి తీసుకుని, విండోస్ మొదటి నుంచి మళ్ళీ వేసుకోవాలి. ఎవరి ప్రోగ్రామో మన సిస్టమ్‌లో మన అనుమతితోనే నడిచింది. హోమ్‌పేజీ మార్చింది కాబట్టి మనకు తెలిసింది. కనబడకుండా ఇంకేం చేసిందో ఎలా తెలుస్తుంది? ఇవాళ బ్యాంకు బ్రౌజర్లోనే, ఆదాయపు పన్ను బ్రౌజర్లోనే, పిల్లల ఎప్‌సెట్ దరఖాస్తూ బ్రౌజర్లోనే. అలాంటి చోట "బాగయ్యిందనుకుంటా" అనే మాట చెల్లదు.

మరమ్మతువాది: తుడిచెయ్యబోయే ముందు, ఆ ప్రోగ్రామ్ వేసినవాడికి ఏం కావాలో చూడండి. ఈ రకం హైజాకర్లలో చాలావాటికి కావలసింది మన వెతుకులాట. మనం కొట్టిన మాట ముందు వాళ్ళ చిరునామాకు పోతుంది, అక్కణ్ణుంచి యాహూకో బింగ్‌కో మళ్ళుతుంది. ఫలితాల మధ్య ప్రకటన నొక్కితే వచ్చే సొమ్ములో వాళ్ళకు వాటా. ఆ వ్యాపారం కోసం వాళ్ళు చెయ్యిపెట్టే చోట్లు మనం పట్టుకోగలిగినవే. ఎక్స్‌టెన్షన్ల జాబితా, సెర్చ్ ఇంజన్ సెట్టింగ్ అందరూ చూస్తారు. చాలామంది చూడనిది డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్. దాని ప్రాపర్టీస్ తెరిస్తే టార్గెట్ అనే గడిలో బ్రౌజర్ దారి చివర ఒక సైటు పేరు తగిలించి ఉంటుంది. సెట్టింగ్స్ ఎన్నిసార్లు సరిచేసినా ఆ ఐకాన్ నొక్కినప్పుడల్లా అదే పేజీ వస్తుంది. మర్నాటికి మళ్ళీ మొదటికొస్తోందన్నారే, దానికి కారణం సాధారణంగా టాస్క్ షెడ్యూలర్లో ఉంటుంది. లాగిన్ అయిన ప్రతిసారీ పాత సెట్టింగ్ తిరిగి రాసే పని ఒకటి అక్కడ పెట్టి ఉంటారు. ఇంకొకటి. ఇంట్లో ఎవరూ ఆఫీసు ఖాతా వాడకపోయినా, క్రోమ్ మెనూ చివర ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోందని కనిపిస్తే, రిజిస్ట్రీలో పాలసీల కింద ఎవరో రాసిపెట్టారని అనుమానించాలి. కంపెనీలు తమ ఉద్యోగుల బ్రౌజర్లను అదుపులో ఉంచుకోవడానికి ఇచ్చిన సదుపాయం అది. దాన్ని వాడుకుని బలవంతంగా దించిన ఎక్స్‌టెన్షన్‌కు తీసేసే మీట పనిచెయ్యదు. ముందు ఆ పాలసీ తీసెయ్యాలి, ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్ పోతుంది. ఇక కుడిమూల "మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది" అని ఎగిరిపడే హెచ్చరికలు చాలాసార్లు వైరస్సే కాదు. ఎప్పుడో ఒక సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి ఉంటాం, అంతే. దానికి సిస్టమ్ మొత్తం తుడిచెయ్యడమేమిటి?

ఫార్మాట్‌వాది: మీరు చెప్పిన చోట్లన్నీ మీకు తెలుసు. ఇంట్లో వాళ్ళకు తెలియవు. ఇది ఇవాళ పుట్టిన బాధ కాదు. 2003లో కూల్‌వెబ్‌సెర్చ్ అనేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను పట్టుకుంది. ఒక రూపానికి మందు కనిపెట్టేలోగా ఇంకో రూపం వచ్చేది. మెరైన్ బెలెకోమ్ అనే డచ్ విద్యార్థి దాన్ని తీసెయ్యడానికే ఒక చిన్న పనిముట్టు రాసి, కొత్త రూపం వచ్చినప్పుడల్లా తిరగరాస్తూ పోవలసి వచ్చింది. హైజాక్‌దిస్ రాసిందీ ఆయనే. ఆ హైజాక్‌దిస్ ఏం చేసేది? మీరిప్పుడు చెప్పిన చోట్లన్నీ వెతికి పెద్ద జాబితా ముందుపెట్టేది. వాటిలో ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పేది కాదు. అది చదవడం వచ్చినవాళ్ళు కావాలి. చదవడం రానివాళ్ళు తప్పు గీత చెరిపితే అసలు పనులే ఆగిపోయేవి. విండోస్‌లో నెట్ రాకపోకలు చూసే విన్‌సాక్ గొలుసులో దూరిన వాటి ఫైలును నేరుగా చెరిపేస్తే మొత్తం నెట్ కనెక్షనే పోయేది. మరమ్మతు అనేది నిపుణుడి కోసం ఉన్న దారి. మామూలు మనిషి మొదలుపెట్టి, తనే ముగించి, ముగిసిందని నమ్మగలిగిన దారి ఫార్మాట్ ఒక్కటే.

మరమ్మతువాది: ఆ రోజుల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ రోజులకీ ఇప్పటికీ తేడా ఉంది. 2014 నుంచి విండోస్ మీద క్రోమ్ తన వెబ్ స్టోర్లో లేని ఎక్స్‌టెన్షన్లను మామూలుగా వెయ్యనివ్వడం మానేసింది. సెట్టింగ్స్ అన్నీ మొదటి స్థితికి తెచ్చే రీసెట్ మీట ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ ఉంది. అది బుక్‌మార్కులనూ పాస్‌వర్డ్‌లనూ ముట్టుకోదు. ఆడ్‌వ్‌క్లీనర్ లాంటి ఉచిత పనిముట్లు ఇప్పుడు జాబితా చూపించి ఊరుకోవు, ఏది తియ్యాలో కూడా చెబుతాయి. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్రం పెట్టి ఉచితంగా శుభ్రం చేసే పనిముట్లు ఇస్తోంది.

ఫార్మాట్‌వాది: గూగుల్ మాత్రం క్రోమ్‌లో తానే పెట్టిన క్లీనప్ పనిముట్టును 2023 మార్చిలో తీసేసింది.

మరమ్మతువాది: ఎందుకు తీసేసిందో కూడా చెప్పింది. విండోస్ మీద అలాంటి అక్కర్లేని సాఫ్ట్‌వేర్ దొరకడం బాగా తగ్గిపోయిందని.

ఫార్మాట్‌వాది: తగ్గింది ఆ రకం. దొంగతనం తగ్గలేదు, చోటు మారింది. ఇప్పుడు ప్రమాదం మనం ఎంచుకుని, నమ్మి, స్టోర్ నుంచే తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ల లోపలే ఉంది. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటుండేది. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే మంచి పనిముట్టు. 20 లక్షల మందికి పైగా వాడారు. 2020 జూన్‌లో దాన్ని రాసినతను ఎవరో తెలియనివాళ్ళకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో అందులో మాల్‌వేర్ ఉందని గూగుల్ ఆపేసింది. ఆ రెండింటి మధ్య నెలల్లో దాన్ని వాడినవాళ్ళు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. 2024 డిసెంబర్‌లో, సరిగ్గా క్రిస్మస్ వేళ, సైబర్‌హేవెన్ అనే డేటా భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షనే దొంగల చేతికి చిక్కింది. అక్కడి ఉద్యోగి ఒకరిని మోసపు మెయిల్‌తో బుట్టలో వేసి, దొంగ కూర్పును అప్‌డేట్ పేరుతో అందరి బ్రౌజర్లకూ పంపారు. "మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారం చదవగలదు, మార్చగలదు" అనే అనుమతి ఇచ్చాక, ఆ ఎక్స్‌టెన్షన్ బ్యాంకు పేజీని కూడా చదవగలదు. గుమ్మానికి చెద పట్టిందని కనిపించినంత మేర గోకి రంగు వేస్తే, దూలంలో ఉన్నది ఆగుతుందా?

మరమ్మతువాది: మీ ఉదాహరణే మీ వాదానికి అడ్డం తిరుగుతోంది. ఆ రెండు ఎక్స్‌టెన్షన్లూ విండోస్‌లో కాదు, బ్రౌజర్ ఖాతాలో ఉంటాయి. మీరు ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా వేసి, క్రోమ్ దించి, అదే జీమెయిల్‌తో లాగిన్ అవ్వండి. సింక్ పుణ్యాన బుక్‌మార్కులతో పాటు ఎక్స్‌టెన్షన్లన్నీ మళ్ళీ వరసగా దిగుతాయి, స్టోర్ ఇంకా తొలగించని చెడ్డదానితో సహా. పూటంతా పోయింది, సమస్య తిరిగొచ్చింది. దీనికి మందు ఖాతాలో చెయ్యాలి. ముందు సింక్ ఆపి, ఎక్స్‌టెన్షన్ తీసి, ఖాతాలో దాచిన సమాచారం చెరిపి, ఆ తర్వాతే తిరిగి కలపాలి. ఇది మరమ్మతు పని, ఫార్మాట్ పని కాదు.

రౌటర్ సంగతి కూడా అంతే. డీఎన్ఎస్ ఛేంజర్ అనే మాల్‌వేర్ దాదాపు 40 లక్షల కంప్యూటర్లకు సోకింది. సైటు పేరు కొడితే ఏ చిరునామాకు వెళ్ళాలో చెప్పే సర్వర్లనే అది మార్చేసింది. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకున్నాక, బాధితులకు నెట్ ఒక్కసారిగా ఆగిపోకుండా కోర్టు అనుమతితో 2012 జూలై 9 వరకు మంచి సర్వర్లు నడపవలసి వచ్చింది. అందులో కొన్ని రకాలు ఇంటి రౌటర్‌లోకి కూడా దూరాయి. రౌటర్ పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే అలా ఉంచేస్తాం కదా, దాంతోనే. అలాంటి ఇంట్లో కంప్యూటర్‌ను ఎన్నిసార్లు తుడిచినా ఏం లాభం? ఫోన్‌లో, టీవీలో కూడా అదే దారిమళ్ళింపు కనిపిస్తే అనుమానించవలసింది రౌటర్‌ను.

ఫార్మాట్‌వాది: సింక్, రౌటర్, ఈ రెండు మాటలూ పట్టించుకోవలసినవే. ఫార్మాట్‌తో పాటు చెయ్యవలసినవిగా వాటిని చేర్చుకుంటాను. కానీ లెనోవో సంగతి తీసుకోండి. 2014 సెప్టెంబర్ నుంచి కొన్ని నెలలపాటు అమ్మిన తన ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ ఆ కంపెనీయే పెట్టి ఇచ్చింది. అది బ్యాంకు పేజీలాంటి తాళం వేసిన పేజీల్లోకి కూడా తొంగిచూడటానికి తన సొంత సర్టిఫికెట్‌ను విండోస్‌లో నాటింది. అన్ని ల్యాప్‌టాప్‌లకూ ఒకే తాళంచెవి. 2015 ఫిబ్రవరిలో ఒక భద్రతా పరిశోధకుడు ఆ తాళంచెవి పాస్‌వర్డ్ కనిపెట్టేశాడు. అంటే ఎవరైనా దొంగ బ్యాంకు పేజీ తయారుచేసి ఆ ల్యాప్‌టాప్‌లను నమ్మించవచ్చు. ఇప్పుడు అసలు సంగతి వినండి. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినవాళ్ళకు ఆ సర్టిఫికెట్ పోలేదు. ప్రకటనలు ఆగాయి. బాగుచేశామనుకున్నారు. తలుపు మాత్రం తెరిచే ఉంది.

మరమ్మతువాది: అదే ల్యాప్‌టాప్‌ను కంపెనీ ఇచ్చిన రికవరీతో ఫార్మాట్ చేసి ఉంటే? సూపర్‌ఫిష్ మళ్ళీ వచ్చి కూర్చునేది. ఫ్యాక్టరీ స్థితి అంటే అదే కదా.

ఫార్మాట్‌వాది: అందుకే రికవరీ పార్టిషన్ వద్దంటాను. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి, వేరే మంచి కంప్యూటర్ మీద పెన్‌డ్రైవ్ తయారుచేసుకోవాలి. విండోస్ 8 తర్వాత వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. మళ్ళీ కొననక్కర్లేదు.

మరమ్మతువాది: మన ఊళ్ళలో ఎంతమంది అలా చేస్తారు? సిస్టమ్ పాడైతే దగ్గర్లోని షాపుకు తీసుకెళ్తారు. అక్కడి కుర్రాడు తన జేబులోని పెన్‌డ్రైవ్‌తో "ఓఎస్ వేస్తాడు". అందులో ఏ విండోస్ ఉందో, దాన్ని యాక్టివేట్ చెయ్యడానికి ఏ పనిముట్టు నడుపుతాడో ఇంటాయనకు తెలియదు. ఆ యాక్టివేటర్ నడవడానికి యాంటీవైరస్ ఆపమంటుంది, ఆపుతారు. అలాంటి యాక్టివేటర్ల పేరుతో పాస్‌వర్డ్‌లు దోచే మాల్‌వేర్ పంచుతున్నారని భద్రతా సంస్థలు చాలాసార్లు బయటపెట్టాయి. సెర్చ్ పేజీ మార్చిన చిన్న దొంగను వెళ్ళగొట్టడానికి పెద్ద దొంగకు తాళాలిచ్చినట్టవుతుంది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. అసలు విండోస్‌కు డబ్బు పెట్టే ఖాతాదారు అతనికి అరుదు.

అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. ఫార్మాట్ కొట్టేముందు షాపులో అడిగే ప్రశ్న ఒక్కటే: "సి డ్రైవ్‌లో ఏమైనా ఉందా?" ఇంట్లో వాళ్ళు లేదంటారు. డెస్క్‌టాప్ మీద ఉన్నదంతా, మై డాక్యుమెంట్స్‌లో ఉన్నదంతా సి డ్రైవ్‌లోనే ఉంటుందని వాళ్ళకు తెలియదు. వాళ్ళ లెక్కలో సి డ్రైవ్ అంటే లోపలెక్కడో ఉన్న చోటు, డెస్క్‌టాప్ అంటే ఎదురుగా కనిపించేది. పెళ్ళి ఫోటోలు, అమ్మ గొంతు రికార్డు చేసుకున్న ఫైలు, పొలం కాగితాల స్కాన్లు అలా పోయిన ఇళ్ళెన్నో. ఇంకా లోతుకు వెళ్ళండి. మన దగ్గర కథలు రాసుకున్న పెద్దలు, పెళ్ళిపత్రికలు చేసినవాళ్ళు, చిన్న పత్రికలు నడిపినవాళ్ళు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో పనిచేశారు. అది యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే కథ బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త కూర్పు తేలేదు. ఆ సీడీ ఎక్కడుందో, సీరియల్ నంబరు ఎక్కడ రాసిపెట్టారో ఆ మనిషికే గుర్తులేదు. ఆ సిస్టమ్‌ను తుడిచేస్తే ఫైళ్ళు మిగిలినా, వాటిని తెరిచే దారి పోతుంది. ఒక మనిషి ముప్పయ్యేళ్ళ రాత, సెర్చ్ పేజీ మారినందుకు చదవరానిదై పోవడం నేను ఒప్పుకోలేను.

ఫార్మాట్‌వాది: ఈ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. బ్యాకప్ ఉండాలి అనవచ్చు. ఉండాలి కూడా. కానీ లేనివాళ్ళ ముందు నిలబడి ఉండాలి అనడం వాళ్ళకు సాయం కాదు. ఆ నష్టం నిజమైనది. అలాంటి సిస్టమ్ మీద ఎవరూ తొందరపడి చెయ్యివెయ్యకూడదని మీతో పాటు నేనూ అంటాను.

అయినా నా భయం చిన్నదైపోలేదు. 2017 జూన్‌లో ఫైర్‌బాల్ సంగతి చూడండి. బీజింగ్‌లోని రాఫోటెక్ అనే కంపెనీ ఉచిత సాఫ్ట్‌వేర్లతో కలిపి పంచిన హైజాకర్ అది. హోమ్‌పేజీ, సెర్చ్ మార్చడమే దాని పని. కానీ చెక్‌పాయింట్ పరిశోధకులు చెప్పిందేమిటంటే, అది కావాలనుకుంటే ఏ ఫైలునైనా దించి నడపగలదు. ప్రపంచమంతా కలిపి 25 కోట్ల కంప్యూటర్లని, అందరికన్నా ఎక్కువగా భారత్‌లోనే 2 కోట్ల 53 లక్షలని వాళ్ళ అంచనా.

మరమ్మతువాది: ఆ అంచనా మరీ ఎక్కువని మైక్రోసాఫ్ట్ అప్పుడే అంది. 2015 నుంచి దాన్ని గమనిస్తున్నామని, తమ లెక్కల్లో అంత లేదని.

ఫార్మాట్‌వాది: సంఖ్య తగ్గించండి, పర్వాలేదు. సామర్థ్యం తగ్గదు. ఏదైనా నడపగల ప్రోగ్రామ్ మన సిస్టమ్‌లో నెలల తరబడి ఉంది. సెర్చ్ మార్చి ఊరుకుందని ఎవరు హామీ ఇస్తారు?

మరమ్మతువాది: చెయ్యగలదు అన్నదాన్నిబట్టే తుడిచెయ్యవలసి వస్తే, అడ్మిన్ అనుమతితో మనం వేసిన ప్రతి ప్రోగ్రామ్‌కూ ఆ సామర్థ్యం ఉంది. ప్రింటర్ డ్రైవర్‌కు కూడా.

ఫార్మాట్‌వాది: ప్రింటర్ డ్రైవర్ మోసంతో రాలేదు. మోసంతో లోపలికొచ్చినదాని మాట నమ్మి, ఇంతే చేసిందనుకోవడం నావల్ల కాదు.

మరమ్మతువాది: సరే, అది మీ పాస్‌వర్డ్‌లే తీసుకెళ్ళిందనుకుందాం. బ్రౌజర్లో దాచుకున్నవన్నీ, లాగిన్ అయి ఉన్న కుకీలతో సహా. కుకీ చేతికొస్తే దొంగకు ఓటీపీ కూడా అడ్డం కాకపోవచ్చు. అప్పుడు ఫార్మాట్ ఏం తిరిగి తెస్తుంది? పోయినవి ఎక్కడో ఎవరి సర్వర్లోనో ఉంటాయి. ఫార్మాట్‌తో ఉన్న అసలు ప్రమాదం అదే. స్క్రీన్ కొత్తగా మెరుస్తుంది, అంతా అయిపోయిందనుకుని పాస్‌వర్డ్ మార్చరు.

ఫార్మాట్‌వాది: ఇక్కడ మీతో కలుస్తాను. తుడిచినా, బాగుచేసినా, ముందు చెయ్యవలసింది వేరే పరికరం నుంచి, అంటే ఫోన్ నుంచి, అదీ ఇంటి వైఫై ఆపేసి సొంత డేటా మీద, ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకుది మార్చడం. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చెయ్యాలి. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనిపిస్తే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. అనుమానమున్న సిస్టమ్ మీదే కొత్త పాస్‌వర్డ్ కొట్టకూడదు.

మరమ్మతువాది: ఇంకొకటి కూడా చెయ్యాలి. ఎలా వచ్చిందో కనుక్కోవాలి. ఇంట్లో మొదటి ప్రశ్న "ఎవరు నొక్కారు?" అవుతుంది. పిల్లవాడు బిక్కమొహం వేస్తాడు. తిట్లు భరించలేక మళ్ళీసారి ఏదైనా జరిగితే చెప్పడు. నిదానంగా చూస్తే ఏదో వీడియో కన్వర్టర్ సెటప్‌లో, నెక్స్ట్ నొక్కుతూ పోయేచోట, ముందే టిక్ పెట్టిన గడి ఒకటి బయటపడుతుంది. తుడిచేస్తే ఆ జాడ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అదే సెటప్ ఫైలు డి డ్రైవ్‌లో ఉండి, వచ్చే నెల మళ్ళీ నడుస్తుంది.

ఫార్మాట్‌వాది: పిల్లవాడి తప్పు కాదన్నది నిజం. ఒరాకిల్ జావా సెటప్‌లోనే ఏళ్ళపాటు ఆస్క్ టూల్‌బార్ ముందే టిక్ పెట్టి వచ్చేది. అంత పెద్ద కంపెనీ అలా చేసినప్పుడు ఇంట్లో మనిషి ప్రతి గడీ చదవలేదని అనడం అన్యాయం. సరిగ్గా అందుకే ఆ మనిషి మీద రిజిస్ట్రీ, టాస్క్ షెడ్యూలర్, సర్టిఫికెట్ల పరీక్ష పెట్టడం కూడా అన్యాయమే అంటాను. మీ దారి అతణ్ణి నేర్చుకోమంటుంది. నేర్చుకోలేనివాడికి కూడా క్షేమంగా ఉండే హక్కుంది.

మరమ్మతువాది: మీ దారి అతణ్ణి షాపుకు పంపుతుంది. పోనీ ఒక హద్దు పెట్టుకుందాం. సెర్చ్ మారింది, ఒక ఎక్స్‌టెన్షన్ దొరికింది, తీస్తే పోయింది, స్కాన్‌లో ఇంకేం రాలేదు. అది మరమ్మతుతో ఆగాలి. అన్నిచోట్లా వెతికి తీశాక కూడా తిరిగి వచ్చినా, యాంటీవైరస్ తనంతట తాను ఆగిపోయినా, తెలియని సర్టిఫికెట్ కనిపించినా, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ నడిపిన సిస్టమ్ అయినా, అప్పుడు నేనే తుడవమంటాను.

ఫార్మాట్‌వాది: తిరిగి వచ్చేది నన్ను భయపెట్టదు. అది ఉందని తెలుస్తుంది. రానిదే నా భయం. మీ హద్దులో నిశ్శబ్దంగా ఉన్నది క్షేమమైన వైపు పడుతోంది.

మరమ్మతువాది: అయితే ఆ నిశ్శబ్దం తేలేవరకు ఆ సిస్టమ్ మీద బ్యాంకు పని వద్దు. ఇది ఒప్పుకుంటాను.

ఫార్మాట్‌వాది: తుడిచేముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ బయటి డిస్కుకు తీసి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే మొదలుపెట్టాలి. ఇది నేను ఒప్పుకుంటాను. ఫోటోలు, కాగితాలు మాత్రమే తీసుకోవాలి. సెటప్ ఫైళ్ళు వద్దు, బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్ అసలే వద్దు.

మరమ్మతువాది: ఆ పెద్దాయన ఫాంట్ల సెటప్? అదీ ఎక్కడి నుంచో పెన్‌డ్రైవ్‌లో వచ్చినదే. మీ లెక్కలో అది తెలియని ప్రోగ్రామే కదా.

ఫార్మాట్‌వాది: తెలియనిదే. కొత్త సిస్టమ్ మీదికి దాన్ని రానివ్వను. నెట్ వైరు పీకేసి, పాత సిస్టమ్‌లోనే కూర్చుని, ఆ కథలన్నీ పీడీఎఫ్‌లుగా, వీలైతే యూనికోడ్‌లోకి మార్చుకుని, అప్పుడు తుడవాలి.

మరమ్మతువాది: వందల ఫైళ్ళుంటాయి. మార్పిడిలో ఒత్తులు తారుమారవుతాయి, ఒక్కొక్కటీ చదివి దిద్దాలి. దానికి నెలలు పడుతుంది.

ఫార్మాట్‌వాది: ఆ నెలలూ ఆ సిస్టమ్ నెట్ లేకుండా ఉంటుందా?

మరమ్మతువాది: ఇంట్లో ఉన్నది అదొక్కటే అయితే, ఉండదు. మనవరాలి ఆన్‌లైన్ క్లాసు దానిమీదే. అందుకే తుడిచే రోజు వచ్చేదాకా దాన్ని బాగుచేసి నడపాలంటున్నాను.

ఫార్మాట్‌వాది: అందుకే ఆ మార్పిడి పని ఇవాళే మొదలుపెట్టమంటున్నాను.